మన పద్దు – మన లిపి – కంప్యూటరు

ఇంటికి లెక్క యెట్టిదో సంఘమునకును అట్టిదే. ఆదాయవ్యయములను తన చేతితో వ్రాసికొను ఇల్లాలు అప్పులవానికి భయపడ నక్కరలేదు. ఇతరులచే వ్రాయించుకొను ఇల్లాలు ఆ వ్రాయువాని మంచితనముపై నాధారపడి యుండవలసినదే. ఈ మాట కాగితపు పుస్తకముల కాలమున నెంత నిజమో కంప్యూటరుల కాలమునను అంతే నిజము.

నెల్లూరు జిల్లా స్త్రీలకు ఈ సంగతి క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. 1991వ సంవత్సరమున ఆ జిల్లాలో అక్షరాస్యతోద్యమము ఆరంభమైనపుడు రాత్రిబడులలో చేరిన స్త్రీలు చదివిన పాఠములలో 'సీతమ్మ కథ' యొకటి. త్రాగుడువలన చెడిన సంసారపు కథ యది. కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు చదివి యూరకుండక తమ యూరి సారాయి దుకాణమును మూయించిరి. 1992 నాటికి ఆ యుద్యమము జిల్లా యంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. సారాయికి పోవు సొమ్ము ఇంట మిగిలినపుడు దానిని దాచుకొను మార్గము కావలసివచ్చెను. ఆ సంవత్సరముననే 'పొదుపులక్ష్మి' యను పేర దినమునకొక రూపాయి చొప్పున దాచుకొను సంఘములు ఆ జిల్లాలో వెలసెను. అక్షరము వెంట పొదుపును, పొదుపు వెంట పద్దును వచ్చినవి.

సముద్రతీరమున ఈ పద్దుల యవసరము మఱింత యెక్కువ. మైపాడు, ఇసకపల్లి, కృష్ణపట్నము మొదలగు తీరగ్రామములలో మగవారు వేటకు పోవుదురు. చేపలమ్ముట, ఎండబెట్టుట, వచ్చిన దానితో ఇల్లు గడుపుట స్త్రీల పాలు. ఒకనాడు గంపలు నిండును, మరునాడు వట్టి వల తిరిగివచ్చును. చేపలు పిల్లలు పెట్టి పెరుగుటకై యేటేట ఏప్రిలు 15వ తేదీ మొదలు జూను 14వ తేదీవరకు, 61 దినములు, తూర్పుతీరమున మరపడవల వేట నిలిపివేయబడును. ఆ రెండు నెలలును దాచిన సొమ్ము, సంఘమిచ్చిన అప్పు పొయ్యి ఆరకుండ కాపాడవలెను. ఎవరెంత దాచిరి? ఎవరెంత తీసికొనిరి? ఎవరెంత తీర్చవలెను? ఈ మూడు ప్రశ్నలకు తప్పులేని జవాబు లేనిచో ఏ సంఘమును నిలువదు.

ఆ జవాబులు ఇప్పుడు క్రమముగా పుస్తకమును విడిచి కంప్యూటరులోనికి పోవుచున్నవి. కూడికలో పొరపాటుండదు, గడచిన యేటి లెక్క క్షణములో దొరకును గనుక ఇది మంచిదే. కాని తెరపై నున్న మాటలు సభ్యురాలికి తెలియని భాషలో నున్నయెడల నేమగును? వేలిముద్ర మాని సంతకము నేర్చిన స్త్రీ మరల వేలిముద్ర కాలమునకు పోయినట్లే. లెక్క ఆమెదే గాని చదువువాడు మరియొకడు. కావున సంఘపు పద్దులను తెలుగులో చూపు చిన్న ప్రోగ్రామును మనవారే వ్రాసికొనగలరా యనుట తీరికవేళ ముచ్చట గాదు. కష్టార్జితమునకు సంబంధించిన ప్రశ్న. వ్రాసికొనగలరనియే మా సమాధానము. దానిని సాధ్యము చేసినది 'వస్తుప్రధానమైన చట్రము' అను నొక యుపాయము. అది యేమో, ఎట్లు పనిచేయునో, దానితో తెలుగు వ్రాయునప్పుడు ఎక్కడ జాగ్రత్తపడవలెనో ఇచట వివరింపబడును.

చట్రమనగా నేమి?

బల్లపై నుంచుకొను కంప్యూటరులో తన కిటికీని తాను తెరచుకొని పనిచేయు ప్రోగ్రామును డెస్క్‌టాపు ప్రోగ్రామందురు. దానిని ఇంటర్నెట్టుతో నిమిత్తము లేకుండ నడచునట్లు వ్రాయవచ్చును. అట్లు వ్రాసినచో లెక్క సంఘము కంప్యూటరులోనే యుండును. తుపాను వచ్చి టెలిఫోను స్తంభములు కూలినను విద్యుచ్ఛక్తి యున్నంతవరకు పద్దు చూచుకొనవచ్చును.

అట్టి ప్రోగ్రామునందు కిటికీ, బొత్తాములు, పేరు వ్రాయు గడులు, పద్దుల పట్టిక యుండవలెను. వీనిని మొదటినుండి వ్రాయబూనినచో ఎంత పని! బొత్తాము గీయవలెను, దానిపై అక్షరము నిలుపవలెను, మౌసు దానిమీదికి వచ్చినపుడు రంగు మార్చవలెను, నొక్కినపుడు లోనికి పోయినట్లు చూపవలెను. ఒక్క బొత్తామునకే ఇంత శ్రమయైనచో సంఘపు లెక్క యెన్నడు వ్రాయుదుము? అందుచేత నిపుణులు ఈ సామాన్యమైన పనులన్నిటిని ఒక్కసారి చక్కగా వ్రాసి యుంచిరి. అదియే చట్రము.

వంటింటి పాత్రలవలె మనకు కావలసినపుడు తీసి వాడుకొను సామగ్రి వేరు, చట్రము వేరు. చట్రము పెండ్లితంతువంటిది. ఏది ముందు, ఏది వెనుక యను క్రమము పురోహితుని చేతిలో నుండును. జీలకఱ్ఱ బెల్లము సిద్ధము చేయుట, తలంబ్రాలు కలుపుట ఇంటివారి పని. "ఇప్పుడు మంగళసూత్రము తెండు" అని ఆయన పిలిచినపుడు తెచ్చి యిచ్చిన చాలును. అట్లే ప్రోగ్రామును నడపునది చట్రము. బొత్తాము నొక్కబడినపుడు ఏమి చేయవలెనో మాత్రము మనము వ్రాసి యుంచుదుము. సమయము వచ్చినపుడు చట్రమే మన వ్రాతను పిలుచును.

అచ్చును పడవయు

ఇక 'వస్తువు' అను మాట. నేడు తీరమున ఫైబరు పడవలు విరివిగా గలవు. గాజునూలు పరచి రసాయనపు జిగురు పూసి ఒక అచ్చులో వానిని పోయుదురు. అచ్చు ఒకటే. అందుండి వచ్చిన పడవలు అనేకములు. ప్రతి పడవకు దాని పేరు, దాని రంగు, దాని ఇంజను వేరు. అచ్చును సముద్రముమీద నడపలేము, పడవనే నడపగలము.

ప్రోగ్రామునందును అట్లే. ముందు 'సభ్యురాలు' అను నొక అచ్చు వ్రాయుదుము. ప్రతి సభ్యురాలికి పేరు, చేరిన తేదీ, నిలువ సొమ్ము ఉండుననియు, ఆమె జమ చేయవచ్చును, తీసికొనవచ్చును, తన నిలువ యెంతయో అడుగవచ్చుననియు అందు చెప్పుదుము. సంఘములో పదిమంది యున్నచో ఆ అచ్చునుండి పది వస్తువులు పుట్టును. ఒకరి నిలువ మరియొకరి నిలువతో కలిసిపోదు.

ఇందలి ముఖ్యమైన నీతి యేమనగా, నిలువ సొమ్ము వస్తువు లోపల దాగియుండవలెను. బయటినుండి ఎవరును ఆ అంకెను సరాసరి దిద్దుటకు వీలుండరాదు. జమ యనియో ఖర్చనియో తేదీతో పద్దు వ్రాసినప్పుడే అది మారవలెను. సంఘపు నాయకురాలైనను, ప్రోగ్రాము నడపు కుర్రవాడైనను ఈ ద్వారముననే పోవలెను. చక్కని పద్దుల పుస్తకములో కొట్టివేతలుండరాదని పెద్దలు చెప్పు నియమమే యిది.

రెండవ గుణము వారసత్వము. పాత అచ్చునకు కొంచెము మార్పు చేసి క్రొత్త అచ్చు తయారుచేయునట్లు, 'అప్పు' అను సామాన్యమైన అచ్చునుండి నూటికి రూపాయి వడ్డీగల మామూలు అప్పు ఒకటి, వేట నిలిచిన దినములలో నిచ్చు వడ్డీలేని అప్పు ఒకటి పుట్టింపవచ్చును. రెంటిని ఒకే ప్రశ్న యడుగుదుము: "ఈ నెల వడ్డీ యెంత?" అయిదువేల రూపాయల మామూలు అప్పు ఏబది రూపాయలని చెప్పును. వడ్డీలేని అప్పు సున్నయని చెప్పును. అడుగువారికి ఏది ఏ రకమో తెలియ నక్కరలేదు. రేపు మూడవ రకపు అప్పు వచ్చినను పాత వ్రాతను చెఱుపక దీని నొక్కదానిని చేర్చిన చాలును. అయితే పిల్ల అచ్చు తల్లి యిచ్చిన మాటను తప్పరాదు. తల్లి నిలువదగిన ప్రతిచోట పిల్లయు నిలువగలిగి యుండవలెను. ఈ నియమమును 1987లో స్పష్టముగ చెప్పినది బార్బరా లిస్కోవ్ అను అమెరికా విదుషి. కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగు బహుమానము ఆమెకు 2008వ సంవత్సరమునకుగాను లభించెను.

ఈ విద్య పుట్టుక

వస్తువుల పద్ధతి నార్వే దేశమున పుట్టినది. భారతదేశముతో 1952లో ఒడంబడిక చేసికొని కేరళతీరమున మరపడవల వేటకు తోడ్పడిన దేశమే యిది. అచటి ఓస్లో నగరమున ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనువారు 1960 తరువాతి సంవత్సరములలో 'సిములా' యను ప్రోగ్రాము భాషను నిర్మించిరి. 1967 నాటి దాని రూపమున అచ్చు, వస్తువు, వారసత్వము అను భావములు మొదటిసారి కుదురుకొనెను.

తరువాత అమెరికాలోని పాలో ఆల్టోలో జిరాక్సు కంపెనీవారి పరిశోధనాలయమున అలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ మొదలగువారు 'స్మాల్‌టాక్' అను భాషను వృద్ధిచేసిరి. తెరపై కిటికీలు, మౌసుతో నొక్కుట మొదలైన సదుపాయములతో వస్తువుల పద్ధతిని ముడివేసినవారు వీరు. వీరిలో అడెల్ గోల్డ్‌బర్గ్ స్త్రీ. ఈ భాషను లోకమునకు వివరించిన గ్రంథకర్త్రులలో ఆమె ముఖ్యురాలు. 1984 మొదలు 1986 వరకు ఏ.సి.ఎం. అను కంప్యూటరు పండితుల సంఘమునకు ఆమె అధ్యక్షురాలుగా నుండెను. ఈ విద్య పురుషులదే యని తలచువారు ఈ పేర్లను గుర్తుంచుకొనవలెను.

మనకిచట కావలసిన చట్రము కూడ నార్వే దేశపుదే. గర్భిణీస్త్రీలకు తీయు అల్ట్రాసౌండు స్కానింగును మీరందరు నెఱుగుదురు. 1990లో హావర్డ్ నోర్డ్, ఐరిక్ చాంబె-ఎంగ్ అను యువకులిద్దరు అల్ట్రాసౌండు చిత్రములను భద్రపరచు ప్రోగ్రాము నొకదానిని వ్రాయుచుండిరి. అది మూడు విధములైన కంప్యూటరులమీద నడువవలసి యుండెను. మూడింటికి మూడుమార్లు వ్రాయుటకంటె, ఒక్కసారి వ్రాసినది అన్నిట నడచునట్టి చట్రము కావలెనని వారికి తోచెను. 1991లో పని యారంభించిరి. ఆదాయము లేని ఆ కాలమున ఇద్దరి భార్యలును ఉద్యోగములు చేయుచు భర్తలను పోషించుట కంగీకరించిరి. 1994లో కంపెనీ ఏర్పడెను. 1995 మే 20వ తేదీన 'క్యూట్' అను ఆ చట్రము లోకమునకు మొదటిసారి విడుదలయ్యెను. గొప్ప పనుల వెనుక ఇల్లు గడపిన చేతులు చరిత్రలో తఱచుగా కనబడవు. ఇచట కనబడుచున్నవి గనుక చెప్పితిమి.

1996లో జర్మనీ దేశీయుడగు మతియాస్ ఎట్రిచ్ ఈ చట్రముతోనే 'కె.డి.ఈ.' యను ఉచితమైన డెస్క్‌టాపు నిర్మాణమునకు పిలుపునిచ్చెను. కంప్యూటరులో సినిమాలు చూచుటకు ఎందరో వాడు వి.ఎల్.సి. ప్రోగ్రాము తెరయు, టెలిగ్రాము డెస్క్‌టాపు ప్రోగ్రామును దీనితో కట్టినవే. కొన్ని నియమములకు లోబడి దీనిని ఖర్చులేకుండ వాడుకొనవచ్చును.

రేవులో కేక

క్యూట్ చట్రములో 'సంకేతము, గ్రాహకము' అను నేర్పాటు ప్రసిద్ధమైనది. దీనిని తీరవాసులు సులభముగ గ్రహింతురు. పడవ యొడ్డునకు వచ్చినదని రేవులో కేక వినబడగానే పాట పాడువాడు వచ్చును, ఐసు పెట్టెలవాడు వచ్చును, గంపలతో స్త్రీలు వత్తురు. కేకవేసినవానికి ఎవరెవరు వత్తురో తెలియ నక్కరలేదు. ఎవరి పని వారు చూచుకొందురు.

అదే విధముగ 'జమ' అను బొత్తాము నొక్కగానే "నన్ను నొక్కిరి" అని యది సంకేత మిచ్చును. దానిని వినుటకు ముందుగా కుదుర్చుకొన్న భాగములు కదలును. ఒకటి పద్దు వ్రాయును, ఒకటి పట్టికలో క్రొత్త వరుస చూపును, ఒకటి క్రింద మొత్తమును మార్చును. రేపు రసీదు అచ్చువేయు భాగము చేర్చదలచినచో బొత్తామును ముట్టుకొన నక్కరలేదు. రేవులో మరియొక గంప చేరినట్లే. ఇందువలన ప్రోగ్రాము చిన్న చిన్న భాగములుగా పెరుగును. ఒకరు ప్రారంభించినదానిని మరియొకరు కొనసాగింపగలరు.

తెలుగునకు పరీక్ష

ఇంతవరకు చట్రముయొక్క మేలు చెప్పితిమి. ఇక తెలుగువారు కన్నులు తెరచుకొని చూడవలసిన చోటు. చట్రములు దూరదేశములలో పుట్టినవి. వానిని వ్రాయువారిలో మన లిపి నెఱిగినవారు అరుదు. కావున మన యక్షరములు సరిగా నిలుచుచున్నవా లేవా యని చూచుట మనపైనే పడును.

మొదటి సంగతి అనువాదము. క్యూట్‌లో తెరపై కనబడు ప్రతి మాటను ఒక గుర్తులో నుంచి వ్రాయుదురు. ఆ మాటలన్నియు ప్రత్యేకమైన పట్టికగా వచ్చును. 'లింగ్విస్టు' అను సాధనముతో దానిని తెరచి, ఎదుట తెలుగుమాటలు వ్రాసిన చాలును. ఈ పనికి ప్రోగ్రాము విద్య యక్కరలేదు. మంచి తెలుగు తెలిసిన చాలును. ఇచట గృహిణి పండితునికంటె మిన్న. 'డెబిట్', 'క్రెడిట్' అను మాటలకు నిఘంటువు వెదకి యెవరికిని తెలియని పదము వేయుటకంటె 'ఖర్చు', 'జమ' యని వేయుట మేలని ఆమెకు తెలియును. ఇంగ్లీషులో ముందు సొమ్ము, తరువాత పేరు వచ్చును. తెలుగులో "సుబ్బలక్ష్మి గారికి 500 రూపాయల అప్పు" అని పేరు ముందుండుట సహజము. ఈ తారుమారునకు చట్రము వీలు కల్పించినది. ఏకవచన బహువచనములకు వేర్వేరు రూపములు వ్రాయుటకును వీలున్నది.

రెండవది అక్షరము నెత్తు. ఇంగ్లీషు అక్షరములు ఒకే వరుసలో నిలుచును. మనకు పైన గుడులు, క్రింద వత్తులు గలవు. ఇంగ్లీషు కొలతతో గడి యెత్తును బిగించినచో 'లక్ష్మి' అను పేరు క్రింది వత్తులు తెగి 'లకి' వంటి ఆకారము మిగులును. లోని అక్షరమును బట్టి గడి తానే పెరుగునట్లు చేయు నేర్పాటు చట్రమున గలదు. దానిని వాడవలెను గాని కొలతను మేకు కొట్టినట్లు బిగింపరాదు.

మూడవది అక్షరసంఖ్య. ప్రపంచలిపుల కన్నిటికి సంకేతములు కూర్చిన యూనికోడ్ పద్ధతిలో 1991లోనే తెలుగునకు చోటు దొరకెను. కాని అందు హల్లు వేరు, పొల్లు వేరు, గుణింతపు గుర్తు వేరు. 'సుబ్బలక్ష్మి' అను పేరు మన కంటికి నాలుగక్షరములు. కంప్యూటరు లెక్కలో పండ్రెండు సంకేతములు. చివరి 'క్ష్మి' యొక్కటే ఆరు. పేరు పది సంకేతములు మించరాదని ఎవరైన నియమించినచో ఆమె పేరు 'సుబ్బలక్ష్' అని తెగిపోవును. బ్యాంకు కాగితములలో పేరు ఒక్క యక్షరము తేడా పడిన నెంత తిరుగుడో మీరెఱుగుదురు. పెట్టవలసిన పరీక్ష ఇట్టి పేర్లతోనే పెట్టవలెను. 'రమ' అను పేరు సరిగా వచ్చినంతమాత్రమున ప్రోగ్రాము సరియైనదని నమ్మరాదు.

ఈ పరీక్షలు లేకున్న నేమగునో లోకమంతయు ఒకమారు చూచినది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీవారి ఐఫోనులు, ఐపాడులు, మాకు కంప్యూటరులు ఒక తెలుగు అక్షరమువలన స్తంభించెను. 'జ్ఞా' అను నక్షరమును వ్రాయు సంకేతముల నడుమ, అతుకును నివారించు ఒక కంటికి కనబడని గుర్తు చేరినపుడు ఆ వరుసను చూపబోయిన ప్రోగ్రాము మూతపడుచుండెను. ఎవరైన ఆ అక్షరమును సందేశముగ పంపినచో పుచ్చుకొన్నవారి సందేశముల ప్రోగ్రాము తెరువబడకుండెను. ఆ ప్రోగ్రాములను వేర్వేరు కంపెనీలవారు వ్రాసినను అన్నిటికిని అక్షరములను చూపు ఆధారభాగము ఒకటియే. పునాది కదలినపుడు గదులన్నియు కదలినవి. అదే ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్‌వారు సవరణ విడుదల చేసిరి. పునాది నొక్కచోట దిద్దగానే అన్నియు బాగుపడెను.

చట్రముయొక్క బలమును, అపాయమును ఈ యొక్క సంఘటనయే చెప్పుచున్నది. తప్పు ఒక్కచోట నుండి అందరిని బాధించును. దిద్దుబాటును ఒక్కచోట నుండి అందరిని రక్షించును. కావున తెలుగు తెరపై ఎక్కడైన వత్తు తెగినను, గుణింతము చెదరినను "మన కంప్యూటరే యింత" అని యూరకుండరాదు. ఏ మాట, ఏ ప్రోగ్రాము, ఏమి కనబడినది యని స్పష్టముగ వ్రాసి ఆ ప్రోగ్రాముకర్తలకు తెలుపవలెను. ఒక ఇల్లాలు తెలిపిన తప్పు దిద్దబడిన యెడల, ఆమె యెన్నడు చూడని వారికందరికి మేలు కలుగును.

ఆరంభించువారికి

ఇంటర్మీడియేటు వరకు చదివి, ఇంట కంప్యూటరు గల స్త్రీ ఈ విద్య నారంభించుటకు ఖర్చేమియు లేదు. 1991లో విడుదలయిన 'పైథాన్' అను భాష నేర్చుకొనుటకు సులభము. క్యూట్ చట్రమును ఆ భాషతో వాడుకొను సాధనమును క్యూట్ సంస్థవారే 2018 చివర విడుదల చేసిరి. దాని పేరు 'పైసైడ్'. రెంటిని ఇంటర్నెట్టునుండి మూల్యము లేకుండ దింపుకొనవచ్చును.

మొదట ఒక కిటికీని, అందులో 'జమ' అను నొక్క బొత్తామును నిలుపుడు. అది నొక్కినపుడు ఒక మాట తెరపై వచ్చునట్లు చేయుడు. పిదప 'సభ్యురాలు' అచ్చు వ్రాసి ఇద్దరు ముగ్గురు సభ్యురాండ్రను పుట్టింపుడు. తరువాత పద్దుల పట్టికను చేర్చుడు. వంట నేర్చువారు అన్నముతో నారంభించి పిండివంటలకు పోయినట్లు క్రమముగా సాగవలెను. మొదటిదినముననే పెద్ద ప్రోగ్రామును తలపెట్టువారు నడుమ విడిచిపెట్టుదురు.

మూడు జాగ్రత్తలు మఱువరాదు. కంప్యూటరు దశాంశములను తన పద్ధతిలో దాచుకొనుటచే పైథాన్‌లో 0.1, 0.2 కూడినచో 0.3 అని రాక 0.30000000000000004 అని వచ్చును. సొమ్ము లెక్కలో ఇది తగదు. అందుచేత రూపాయలను పైసలుగా మార్చి పూర్ణాంకములతోనే లెక్క కట్టి, చూపునపుడు మాత్రము రూపాయలుగా చూపవలెను. రెండవది, లెక్కకు నకలు వేరొకచోట నుంచవలెను. ఉప్పుగాలి తగులు తీరమున ఇనుముతో చేసిన యే వస్తువునకైనను ఆయువు తక్కువ. తుపానులును మనకు క్రొత్తవి కావు. మూడవది, ప్రోగ్రాము వచ్చినదని పుస్తకమును వెంటనే మానరాదు. కొన్ని నెలలు రెండును నడిపి, నెల చివర రెండు మొత్తములను సభలో చదివి సరిచూడవలెను. తేడా వచ్చినచో తప్పు ఎందున్నదో వెదకవలెను. అట్లు సరిచూచు సంఘములో ప్రోగ్రాము వ్రాసినవారికిని, లెక్క దాచుకొన్నవారికిని ఒకరిపై ఒకరికి నమ్మకము కలుగును.

ప్రతి స్త్రీయు ప్రోగ్రాములు వ్రాయవలెనని మా యభిప్రాయము గాదు. ప్రతి సంఘమునకు ఒక్కరు వ్రాయగలిగిన, మరి ఇద్దరు తెలుగుమాటలు కూర్చగలిగిన, మిగిలినవారందరు తెరపై తమ పేరును తమ నిలువను తామే చదువుకొనగలిగిన చాలును. పలకపై పేరు వ్రాయ నేర్చిన ఆ జిల్లా తల్లుల బిడ్డలు నేడు కళాశాలలలో చదువుచున్నారు. తల్లి గడించిన అక్షరమును తెరమీద చెదరకుండ నిలుపుట ఆ బిడ్డల ఋణము. తెరపై 'సుబ్బలక్ష్మి' అను పేరు వత్తులతో సహా నిండుగా నిలిచి, దాని ప్రక్కన ఆమె కష్టార్జితము పైసాతో సహా సరిగా కనబడిననాడు ఆ ఋణము కొంత తీరినదని చెప్పవచ్చును.